చిటుక టీకా తగాదా: సప్లై ఆర్డర్ నుంచి అదాలత్ దాకా

సర్కారుకు టీకాలు సప్లై చేశాం, బిల్లులో కోత పడింది, చివరికి హన్మకొండ అదాలత్‌లో మధ్యవర్తిత్వం దాకా పోయాం. ఆ ఫైలు సంగతి ఇది. సరుకు గొర్ల చిటుక రోగం టీకా. కొన్నది ఒక జిల్లా కార్యాలయం, అమ్మింది మా ఏజెన్సీ, తయారు చేసింది ఇంకో కంపెనీ. ఎవరి పేర్లూ అక్కర్లేదు. నా పని కాగితాలు: టెండరు, చలాన్లు, బిల్లులు, నోటీసులు. ఇలాంటి సప్లైలో ఉన్నవాళ్లకు పనికొచ్చేంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఆర్డర్ లెక్క. 100 మిల్లీలీటర్ల సీసాలు 4,000. డోసు 2 మిల్లీలీటర్లు, సీసాకు 50 గొర్లు, మొత్తం 2 లక్షల డోసులు. సీసా ధర 260 రూపాయలు, అంటే 10,40,000. సప్లై ఆర్డర్ తేదీ 2022 ఏప్రిల్ 18. మూడు విడతలు: మే 18లోపు 1,500 సీసాలు, జూన్ 2లోపు 1,500, జూన్ 17లోపు 1,000. సెక్యూరిటీ డిపాజిట్ 5 శాతం, 52,000.

ఆ తేదీలు ఊరికే పెట్టినవి కావు. తొలకరికి మొలిచిన లేత గడ్డి మేశాక వచ్చే రోగం ఇది. పొద్దున మందలో బాగానే ఉన్న గొర్రె పొద్దుగూకేసరికి ఉండదు. టీకా వేశాక రక్షణ రావడానికి రెండు వారాలైనా పడుతుంది. అందుకే వానలకు ముందే వేయాలి. జూన్ 2న రావాల్సిన సరుకు జూన్ 21న వస్తే కార్యాలయానికి కోపం రావడం న్యాయమే. మా తగాదా కోపం గురించి కాదు, కోత లెక్క గురించి.

మొదటి విడత సకాలంలో చేరింది. రెండో విడత 19 రోజులు ఆలస్యమైంది. ఫ్యాక్టరీలో ఆ బ్యాచ్ స్టెరిలిటీ పరీక్ష (సూక్ష్మజీవులు లేవని తేల్చేది) మళ్లీ చేయాల్సి వచ్చింది. ఆ పరీక్షలో నమూనాలను 14 రోజులు పొదిగించి చూస్తారు. ఎంత తొందరున్నా 14 రోజులు 14 రోజులే, పదికి కుదించలేం. మిగతా 5 రోజులు కాగితాలకు, బండికి పోయాయి. కారణం సరైనదే, కానీ మేం చేసిన తప్పు ఒకటుంది. గడువు పెంచమని జూన్ 2కు ముందే రాతపూర్వకంగా అడగాలి. మేం ఫోన్ చేశాం. అవతలి సారు "మంచిది, పంపుండ్రి" అన్నాడు. ఆ మాట ఫైలుకు ఎక్కలేదు. ఫైలుకు ఎక్కని మాటకు సర్కారులో విలువ లేదు.

మూడో విడత జూన్ 16న, గడువుకు ఒకరోజు ముందే చేరింది. అసలు చిక్కంతా దీంతోనే. సీసాకు 24 నెలల గడువు. సరుకు చేరేనాటికి అందులో నాలుగింట మూడు వంతులు, అంటే 18 నెలలు మిగిలి ఉండాలని టెండరు షరతు. మా బ్యాచ్ లేబుల్ మీద తయారీ 12/2021, గడువు 11/2023. గడువు నెల అంటే ఆ నెల చివరి రోజు వరకు. జూన్ 16 నుంచి లెక్కిస్తే 17 నెలల 14 రోజులు. పదహారు రోజులు తక్కువ. ఆర్డర్ వచ్చిన రోజే కంపెనీ నుంచి బ్యాచ్ తయారీ తేదీ రాతలో తీసుకుని ఉంటే ఇది అప్పుడే బయటపడేది.

రెండో లోపం మంచు. ఇది పటిక చేర్చిన టీకా. వేడికి మెల్లమెల్లగా బలం తగ్గుతుంది, గడ్డకట్టిందంటే మాత్రం ఒక్కసారే పోతుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండాకాలం కదా అని మా వాళ్లు డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌లను తీసినట్టే డబ్బాల్లో సర్దారు. అలా సర్దకూడదు. బయట పెట్టి, పైన నీటి చుక్కలు కమ్మాక, చెవి దగ్గర పట్టుకుని ఊపాలి. లోపల నీళ్లు గలగలమంటే అప్పుడు డబ్బాలో పెట్టాలి. తీసీ తీయగానే ఐస్‌ప్యాక్ సున్నా కంటే ఎంతో కింద ఉంటుంది, దాన్ని ఆనుకున్న సీసా గడ్డకడుతుంది. బయట ఎండ, లోపల ఐసు: సరుకు ఎండకు పాడవుతుందని భయపడితే చలికి పాడైంది.

సరుకు తెచ్చిన డీసీఎం బండి దిగిన రోజు కార్యాలయం స్టోర్ ఫార్మసిస్టు చేసిన పని చిన్నదే, కానీ తర్వాత అదే మా మీదికి తిరిగింది. నలభై సీసాల కార్టన్లు మొత్తం 25. ప్రతిదీ తెరిచి చేయి పెట్టి చూశాడు. ఆరింటిలో ఐస్‌ప్యాక్‌కు, సీసాలకు మధ్య అట్టముక్క లేదు, సీసాల పక్కలకు పలచటి మంచు పేరుకుని ఉంది. ఎర్ర పెన్నుతో ఆ ఆరు కార్టన్ల మీద అడ్డగీత కొట్టి, చలాన్ వెనక "6 కార్టన్లకు ఐసు తాకింది" అని రాసి సంతకం చేశాడు. మా డ్రైవర్ కూడా కింద సంతకం పెట్టాడు, చదివి పెట్టాడో చదవకుండా పెట్టాడో తెలియదు. ఆ చలాన్ మా దగ్గరికొచ్చాక ముందు వైపు జిరాక్స్ తీసి బిల్లుకు జతచేశాం, వెనక్కి తిప్పి చూడలేదు.

కార్యాలయం నుంచి తిరస్కరణ లేఖ జూలై 27న వచ్చింది, సరుకు అందిన 41 రోజులకు. మొత్తం వెయ్యి సీసాలూ తిరస్కరించామని, 2,60,000 చెల్లించబోమని దాని సారాంశం. ఆగస్టులో మొదటి రెండు విడతల బిల్లు పాసైంది. 7,80,000 రావాల్సిన చోట 1,04,000 ఆలస్యపు కోత పడింది. సెప్టెంబరులో సెక్యూరిటీ 52,000 జప్తు చేసినట్టు ఇంకో లేఖ.

కోత లెక్క చూడండి. ఒప్పందంలో ఆలస్యానికి వారానికి, లేదా వారంలో కొంత భాగానికి, అర శాతం. గరిష్ఠం 10 శాతం. దేని మీద అర శాతం? "ఆలస్యమైన సరుకు విలువ మీద" అని ఉంది. ఆలస్యమైంది 1,500 సీసాలు, విలువ 3,90,000. 19 రోజులంటే మూడు వారాల కింద లెక్క, ఒకటిన్నర శాతం, 5,850 రూపాయలు. కార్యాలయం ఏకంగా మొత్తం ఆర్డర్ విలువ మీద గరిష్ఠ 10 శాతం వేసింది. కావాలని చేశారని నేననను. పాత ఫైల్లోని ప్రొసీడింగ్స్‌లో అంకెలు మార్చి కొత్తవి టైపు చేస్తుంటారు, పాత ఒప్పందంలో షరతు వేరుగా ఉండొచ్చు. ఏదైనా తేడా 98,150.

ఈ "దేని మీద, ఎన్ని రోజులకు" అన్న ప్రశ్న మన జిల్లా ఆఫీసులకే పరిమితం కాదు. 2021 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ కోవిడ్ టీకాల ఆలస్యం గురించి ఆస్ట్రాజెనెకా కంపెనీ మీద బ్రస్సెల్స్ కోర్టుకు వెళ్లినప్పుడు డోసుకు, ఆలస్యమైన రోజుకు 10 యూరోల చొప్పున జరిమానా అడిగింది. జూన్ 18న కోర్టు ఇచ్చిన ఉత్తర్వులో రోజు లెక్క లేదు, అందించని డోసుకు 10 యూరోలు మాత్రమే. కమిషన్ జూన్ చివరికల్లా 12 కోట్ల డోసులు కావాలంటే, కోర్టు 5 కోట్లకు తేదీలు వేసింది: జూలై 26కు కోటిన్నర, ఆగస్టు 23కు 2 కోట్లు, సెప్టెంబరు 27కు కోటిన్నర. ఇద్దరూ మేమే గెలిచామని ప్రకటించుకున్నారు. 2020 ఆగస్టు 27 నాటి ఆ ఒప్పందంలో కంపెనీ "సాధ్యమైనంత మేర తగిన ప్రయత్నం" చేస్తానని రాసింది. తేదీ తప్పితే ఆ మాట అడ్డు పెట్టుకోవచ్చని దాని లెక్క. మన టెండర్లలో సప్లయర్‌కు అలాంటి వెసులుబాటు మాటలు దొరకవు. ఉండేది తేదీ, శాతం, జప్తు. అవి ఎవరికి అనుకూలంగా రాసినవో వేరే చెప్పక్కర్లేదు. అయినా రాసినంత వరకే వాళ్లకైనా చెల్లుతుంది.

మేం ముందు చేసింది పట్టిక వేసి లేఖ రాయడం. విడత, గడువు తేదీ, చేరిన తేదీ, విలువ, ఒప్పందంలోని క్లాజు నంబరు, రావాల్సిన కోత, వేసిన కోత. ఒకే పేజీ. ఇన్‌వార్డులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాం. జవాబు లేదు. ఇలాంటి లేఖలకు జవాబు రాకపోవడం మామూలే. కానీ ఆ ముద్ర తర్వాత అక్కరకొస్తుంది.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు, రుసుము 10 రూపాయలు. అడిగింది మూడే: స్టోర్ స్టాక్ రిజిస్టర్‌లో మా బ్యాచ్ నంబరున్న పేజీలు, ఆ బ్యాచ్ ఇండెంట్లు, తిరస్కరణ మీద నడిచిన నోట్ ఫైలు. "మా సరుకు ఎందుకు తిరస్కరించారు" అని అడగొద్దు. కారణాలు అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. పేజీలు అడిగితే ఇవ్వక తప్పదు. 30 రోజుల గడువు చివరి వారంలో కాపీలు వచ్చాయి, వాటిలో బంగారం దొరికింది. జూన్ 20కి, జూలై 15కి మధ్య మూడో విడతలోంచే 180 సీసాలు మండలాలకు ఇచ్చేశారు. అంటే గొర్లకు పొడిచేశారు. ఆ తర్వాత జూలై 27న మొత్తం వెయ్యి తిరస్కరించారు.

1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 42వ సెక్షన్ ఇక్కడ పనికొస్తుంది. సరుకును సొంతదానిలా వాడుకుంటే కొన్నవాడు దాన్ని స్వీకరించినట్టే. తిరస్కరణ తెలపకుండా సహేతుకమైన కాలం దాటాక అట్టిపెట్టుకున్నా అంతే. ఆలస్యానికి సంబంధించి కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ ఇంకా గట్టిది. ఆలస్యంగా వచ్చిన సరుకును తీసుకునేటప్పుడే "నష్టపరిహారం అడుగుతాం" అని చెప్పకపోతే తర్వాత అడగలేరు. రెండో విడత చలాన్ మీద అలాంటి మాటేమీ రాయలేదు. ఆ లెక్కన 5,850 కూడా కట్టనక్కర్లేదని మా వకీలు అన్నాడు. కానీ ఒప్పందంలో వేరుగా కోత క్లాజు ఉంది, అవతలివాళ్లు దాన్ని చూపించి వాదిస్తారు. చిన్న మొత్తం కోసం పెద్ద వాదనను పలుచన చేయొద్దని దాన్ని వదిలేశాం. జప్తు విషయంలో అదే కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ఉంది. డీడీఏ (ఢిల్లీ అభివృద్ధి సంస్థ) మీద కైలాష్‌నాథ్ అసోసియేట్స్ వేసిన కేసులో 2015లో సుప్రీంకోర్టు చెప్పిందాని ప్రకారం రాసుకున్న మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే, నష్టమే లేని చోట దాన్ని ఊరికే మింగడానికి లేదు.

ఇక ఎక్కడికి పోవాలి? "ఎమ్మెస్సెమ్మీ కౌన్సిల్‌లో వేయండి, బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ వస్తుంది" అని చాలామంది చెప్పారు. చిన్న పరిశ్రమల చట్టంలో 45 రోజుల చెల్లింపు గడువు, ఆ వడ్డీ నిజమే. కానీ అది తయారుచేసేవాళ్లకు, సేవలందించేవాళ్లకు. మాది కొని అమ్మే ఏజెన్సీ. టోకు, చిల్లర వర్తకులకు 2021 జూలై నుంచి ఉద్యం రిజిస్ట్రేషన్ ఇస్తున్నా, అది బ్యాంకు అప్పుల ప్రాధాన్యం వరకే. బకాయిల వసూలుకు అది పనికిరాదు. ఉద్యం సర్టిఫికెట్ చూసుకుని ఆర్నెల్లు పోగొట్టుకున్నవాళ్లు మన మార్కెట్లోనే ఉన్నారు.

మా ఒప్పందంలో ఆర్బిట్రేషన్ క్లాజు, అంటే తగాదాను కోర్టు బదులు ఒక తీర్పరి తేల్చాలన్న షరతు, లేదు. కొన్నిటిలో ఉంటుంది, "శాఖాధిపతే ఆర్బిట్రేటర్" అని. 2015 సవరణ తర్వాత అలాంటి నియామకం చెల్లదు. అయినా క్లాజు ఉన్నప్పుడు దాన్ని దాటి నేరుగా దావా వేస్తే మీదే కొట్టుకుపోతుంది. ఆర్బిట్రేటర్ కోసం హైకోర్టుకు పోవాలి, హైదరాబాద్ తిరగాలి. నాలుగు లక్షల తగాదాకు అది గిట్టుబాటు కాదు.

కాబట్టి సివిల్ దారే. మా క్లెయిము 98,150, 2,60,000, 52,000 కలిపి 4,10,150. సరుకు అమ్మకం వివాదం, విలువ 3 లక్షలు దాటింది కనుక వాణిజ్య వివాదం కిందికి వస్తుంది. విలువ 3 లక్షలకు కాస్త తక్కువైనా భయం లేదు, దావా వేసేనాటి వరకు వడ్డీ కలిపి చూస్తారు. వాణిజ్య వివాదమైతే దావాకు ముందు వాణిజ్య కోర్టుల చట్టం 12ఏ సెక్షన్ కింద మధ్యవర్తిత్వం తప్పనిసరి. పాటిల్ ఆటోమేషన్ కేసులో 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది. అత్యవసర మధ్యంతర ఉత్తర్వు కావాలంటే తప్ప నేరుగా దావా వేస్తే తిప్పి పంపేస్తారు.

దానికి ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ నోటీసు, అంటే సర్కారు మీద దావాకు ముందు ఇవ్వాల్సినది. ఇందులో పొరపాటు చాలా సులువు. దావా పడేది అధికారి మీద కాదు, తెలంగాణ రాష్ట్రం మీద. నోటీసు ఆ ప్రభుత్వ కార్యదర్శికి గాని, జిల్లా కలెక్టరుకు గాని చేరాలి. మేం ఇద్దరికీ ఇచ్చాం, కార్యాలయానికి కాపీ పంపాం. పేరు, చిరునామా, దావా కారణం, అడిగే ఉపశమనం అన్నీ ఉండాలి. నోటీసులో అడగనిది దావాలో కొత్తగా కలిపితే ప్రభుత్వ ప్లీడరు పట్టుకుంటాడు. రెండు నెలలు ఆగాలి. ఆ రెండు నెలలు కాలపరిమితి లెక్కలోంచి తీసేస్తారు. మూడేళ్ల గడువు కరిగిపోతోందని కంగారుపడనక్కర్లేదు.

నోటీసు 2023 జనవరిలో ఇచ్చి, ఏప్రిల్‌లో జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఫారం 1 దాఖలు చేశాం, రుసుము 1,000 రూపాయలు. మొదటి నోటీసుకు ఎవరూ రాలేదు. రెండోదానికి కూడా రాకుంటే "ప్రారంభం కాలేదు" అని నివేదిక ఇస్తారు, దాంతో దావా వేసుకోవచ్చు. మేం అదే జరుగుతుందనుకున్నాం. కానీ రెండోదానికి ఫైలు చూసే సూపరింటెండెంట్, ప్రభుత్వ ప్లీడరు వచ్చారు. మధ్యవర్తిత్వానికి ఒప్పుకుంటామన్నారు, పై ఆఫీసు అనుమతి కాగితం తేవడానికి సమయం అడిగారు. గడువు 3 నెలలు, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే ఇంకో 2 నెలలు. మాకు మొత్తం అయిదూ పట్టాయి, అయిదు సిట్టింగులు.

ఈలోగా మిగిలిన 820 సీసాలు స్టోర్‌లోని టీకా ఫ్రిజ్ ఐఎల్ఆర్‌లోనే ఉన్నాయి. "తీసుకుపొండి" అని రెండు లేఖలు వచ్చాయి. మేం తీసుకోలేదు. తీసుకుంటే తిరస్కరణకు తలూపినట్టవుతుందన్న భయం. సరుకుల అమ్మకం చట్టం 43వ సెక్షన్ ప్రకారం తిరస్కరించిన సరుకును వాళ్లు తిరిగి పంపాల్సిన పనీ లేదు, తిరస్కరించామని చెబితే చాలు. ఇద్దరం చట్టం పట్టుకుని కూర్చున్నాం. సీసా మీద గడువు 11/2023 మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. మొత్తం వ్యవహారంలో మేం చేసిన అతి పెద్ద తప్పు ఇదే. సిమెంటు సప్లైలా, కుర్చీల సప్లైలా టీకా తగాదాను నడపకూడదు. ముందు సరుకు సంగతి తేల్చాలి, డబ్బు సంగతి తర్వాత. 2022 ఆగస్టులోనే కోర్టుకు పోయి 80వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ కింద నోటీసు మినహాయింపు అడగొచ్చు. అడ్వకేట్ కమిషనర్‌ను వేయించి సీసాలు పరీక్షించమనొచ్చు. త్వరగా పాడయ్యే సరుకు కనుక సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 రూల్ 6 కింద అమ్మేయడానికి ఉత్తర్వు అడగొచ్చు. అత్యవసరం అన్నప్పుడు 12ఏ కూడా అడ్డురాదు. ఆ నెలలో సీసాలకు ఇంకా ఏడాదికి పైగా ఆయుష్షు ఉంది, 580 సీసాలు వేరే చోట అమ్ముడుపోయేవి. బ్రస్సెల్స్‌లో ఏప్రిల్‌లో వేసిన కేసుకు జూన్‌లో ఉత్తర్వు రావడానికి కూడా ఇదే కారణం. దాన్ని అత్యవసర విచారణగా నడిపారు. అసలు విచారణ కోసం ఆగకుండా సెప్టెంబరు 3న ఇద్దరూ రాజీపడ్డారు, మిగిలిన 20 కోట్ల డోసులకు 2022 మార్చి చివరి దాకా తేదీలు రాసుకున్నారు.

సరుకు ఎక్కువై కొన్నవాడే వద్దనడం కూడా ఈ మధ్య మామూలైంది. 2022 ఏప్రిల్‌లో పోలండ్ ఫైజర్‌తో ఒప్పందానికి అనివార్య పరిస్థితుల క్లాజు వాడి, డోసులు తీసుకోనంది, డబ్బు కట్టనంది. 2023లో ఫైజర్ బ్రస్సెల్స్‌లోనే దావా వేసింది, 6 కోట్ల డోసుల లెక్క మీద. పేద దేశాలకు టీకాలు సమకూర్చే గవీ సంస్థ, టీకా కంపెనీ నోవావాక్స్‌కు ముందే ఇచ్చిన 70 కోట్ల డాలర్ల అడ్వాన్సు ఆర్బిట్రేషన్ దాకా పోయి, 2024 ఫిబ్రవరిలో గరిష్ఠంగా 47.5 కోట్ల డాలర్ల రాజీకి వచ్చింది, అదీ 2028 వరకు వాయిదాల్లో. మన తెలంగాణ 2021 మేలో కోటి కోవిడ్ డోసులకు గ్లోబల్ టెండరు పిలిస్తే ఒక్క బిడ్డూ రాలేదు. పెద్ద విదేశీ కంపెనీలు కేంద్రంతో తప్ప రాష్ట్రాలతో మాట్లాడబోమన్నాయి. కొరత ఉన్నప్పుడు అమ్మేవాడి మాట, సరుకు నిండినప్పుడు కొన్నవాడి మాట. చిటుక టీకాకైతే ఏటా జూన్‌లో కొరత, ఆగస్టుకల్లా వద్దే వద్దు.

మూడో సిట్టింగ్‌లో మధ్యవర్తి స్టోర్‌లోనే ఉమ్మడి తనిఖీ పెట్టించాడు. కార్యాలయం తరఫున ఫార్మసిస్టు, మా తరఫున నేను, కంపెనీ టెక్నీషియన్ ఒకరు. ఊపి చూసే పరీక్ష చేశాం. అదే బ్యాచ్‌లో మంచు తాకనిదని ఇద్దరం ఒప్పుకున్న ఒక సీసాను రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి గట్టిగా గడ్డకట్టించి, కరిగించి, పోల్చడానికి ఉంచాం. పక్కన ఎర్ర గీత కార్టన్ల నుంచి రెండు, గీత లేని వాటి నుంచి రెండు. అయిదింటినీ ఒకేలా ఊపి బల్ల మీద పెట్టాం. కావాలని గడ్డకట్టించిన దానిలో పదిహేను నిమిషాలకే పైన తేట, కింద ముద్ద. ఎర్ర గీత సీసాలు రెండూ దాని వెనకే నడిచాయి. గీత లేనివి అరగంటకు కూడా మబ్బుగా, పాలలాగే ఉన్నాయి. మనుషుల టీకా సీసాల మీద ఉండే వీవీఎం గుర్తు మా సీసాల మీద లేదు, ఉన్నా లాభం లేదు. అది వేడిని చెబుతుంది, గడ్డకట్టడాన్ని చెప్పదు.

ఐఎల్ఆర్ అడుగున, గోడకు ఆనించి పేర్చినా సీసాలు గడ్డకడతాయి కనుక పద్నాలుగు నెలల్లో స్టోర్‌లోనే అలా అయ్యుండొచ్చని మా వకీలు వాదన మొదలుపెట్టాడు. సూపరింటెండెంట్ ఏమీ మాట్లాడకుండా చలాన్ తిప్పి బల్ల మీద పెట్టాడు. ఎర్ర సిరా, తేదీ, మా డ్రైవర్ సంతకం. ఆ వాదన అక్కడితో ముగిసింది.

సెప్టెంబరులో రాజీ కుదిరింది. కోత తేడా 98,150 మాకు. వాడుకున్న 180 సీసాలకు 46,800 పూర్తిగా. మంచు తాకిన 240 సీసాల నష్టం మాది. మిగిలిన 580 సీసాలు ఎవరికీ పనికిరావు కనుక సగం సగం, మా వాటా 75,400. గడువు పదహారు రోజులు తగ్గిన తప్పు మాది, 41 రోజులు మాట్లాడకుండా కూర్చున్న తప్పు వాళ్లది. అందుకే సగం. సెక్యూరిటీ 52,000 వాపసు. వడ్డీ లేదు. మొత్తం 2,72,350. కంపెనీ నుంచి తక్కువ గడువు బ్యాచ్ తాలూకు కొంత తర్వాత రాబట్టాం. దానితో మాకున్న ఒప్పందంలో గడువు షరతు రాసి ఉండబట్టే వచ్చింది.

రాజీ పత్రానికి ఆర్బిట్రేషన్ అవార్డుతో సమానమైన బలం ఉంటుంది, కట్టకపోతే నేరుగా అమలు పిటిషన్ వేయొచ్చు. అంత బలమున్నా డబ్బు రావడానికి ఏడు నెలలు పట్టింది. సొమ్ము ఏ పద్దు కింద ఇవ్వాలన్నది ముందు తేలలేదు. పాత ఏడాది బడ్జెట్ మార్చి 31తో మురిగిపోయింది, కొత్త కేటాయింపు కావాలి. కేటాయింపు వచ్చాక ట్రెజరీలో టోకెన్. రాజీ పత్రంలో "60 రోజుల్లో చెల్లించాలి, లేకుంటే ఇంత వడ్డీ" అన్న వాక్యం లేకపోవడం మా తొందరపాటు. సంతకాల రోజు అందరం అలసిపోయి ఉన్నాం.

అందులో లేనిది ఇంకొకటి ఉంది: ఆ 820 సీసాలను ఎవరు పారేయాలి? డిసెంబరులో ఫార్మసిస్టు ఫోన్ చేశాడు.

"మీ డబ్బలు ఇంక ఎన్ని దినాలు నా ఫ్రిజ్జుల పెట్టుకోవాలె సార్? కొత్త సరుకొస్తున్నది, జాగ లేదు."

గడువు తీరిన టీకాను చెత్తబుట్టలో వేయలేం, బయోమెడికల్ వ్యర్థాల బండికే ఇవ్వాలి, వాళ్లు కిలో లెక్కన తీసుకుంటారు. కాంటా వేస్తే వంద కిలోలు దాటింది. ఖర్చు మేమే పెట్టుకున్నాం. బ్యాచ్ నంబరు, సీసాల సంఖ్య, బరువు, బండి నంబరు రాసి రెండు కాపీలు తీశాం. ఇద్దరం సంతకాలు చేశాం. ఈసారి కాగితం వెనక్కి కూడా తిప్పి చూశాను.